ఓటు గెలిచి సహోదరుని పోగొట్టుకొనుట



"మనము బాప్టిస్టులము" అని చెప్పుకొనుట మనకు అలవాటు. బాప్టిస్టులంటే ఎవరని అడిగితే, ముంచుడు బాప్తిస్మమిచ్చువారని చెప్పి ఊరుకుంటాము. ఆ జవాబు చాలని దినమొకటి వస్తుంది. సంఘములో పెద్ద తగవు పుట్టిన దినమున ఇరుపక్షములవారును "మేమే నిజమైన బాప్టిస్టులము" అంటారు. అమెరికాలోని సదరన్ బాప్టిస్టు కన్వెన్షనులో అటువంటి తగవే 1979 మొదలు ఎన్నో ఏండ్లు నడిచింది. దూరపువారి ఇంటి గొడవ మనకెందుకని అనుకొనవద్దు. ఆ ఇంటికిని మనకును బంధుత్వమున్నది.

1836లో శామ్యూల్ డే దొరగారు తెలుగువారి మధ్యకు వచ్చునాటికి అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది బాప్టిస్టులు కలిసియే మిషనరీలను పంపేవారు. బానిసలను ఉంచుకొన్నవానిని మిషనరీగా పంపవచ్చునా అను ప్రశ్న మీద 1845లో వారు విడిపోయారు. దక్షిణాదివారు జార్జియాలోని అగస్టా పట్టణములో కూడి వేరుగా కన్వెన్షను పెట్టుకొన్నారు. మన నెల్లూరు మిషను ఉత్తరాదివారి చేతిలో మిగిలింది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతములో ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన మిషను అదే. బానిసత్వమును సమర్థించినది పాపమని దక్షిణాది కన్వెన్షను తీర్మానము చేసి క్షమాపణ కోరినది 1995లో. అప్పటికి 150 ఏండ్లు గడిచాయి. సంఘములు తమ తప్పును చూచుకొనుటకు ఎంత కాలము పడుతుందో గమనించండి.

ఇక రెండవ తగవు సంగతి. 1961లో రాల్ఫ్ ఎలియట్ అను వేదాంత ఆచార్యుడు ఆదికాండముపై వ్రాసిన పుస్తకమును కన్వెన్షను ప్రచురణ సంస్థయే అచ్చువేసింది. అందులోని కొన్ని సంగతులు పాత చరిత్రను కథగా మార్చుచున్నవని అలజడి పుట్టింది. 1962లో ఆయనను ఉద్యోగమునుండి తొలగించారు. 1963లో విశ్వాస ప్రమాణమును సరిచేశారు. అయినను అనుమానము పోలేదు.

లేఖనములలో తప్పేమియు లేదని నమ్మనివారు మన కానుకలతో నడిచే వేదాంత కళాశాలలలో మన పిల్లలకు ఎట్లు బోధిస్తారని ఒక పక్షము అడిగింది. ఇది న్యాయమైన ప్రశ్న. విశ్వాసి మనస్సాక్షికి ప్రభువే యజమాని, పైనుండి ఒక పత్రము పంపి సంతకము చేయుమనుట బాప్టిస్టు పద్ధతి కాదని రెండవ పక్షము అన్నది. ఇదియు న్యాయమే. 1612లో ఇంగ్లండు రాజునకు మత స్వాతంత్ర్యమును గూర్చి వ్రాసి, చెరసాలలోనే ప్రాణము విడిచిన థామస్ హెల్విస్ బాప్టిస్టే. 1644లో తమ విశ్వాస ప్రమాణమును వ్రాసి ప్రకటించిన లండను సంఘములవారును బాప్టిస్టులే. ఒకే తండ్రి ఆస్తిని ఇద్దరన్నదమ్ములు చెరిసగము పట్టుకొని, ఎవరికివారు మొత్తము తమదే అన్నట్లున్నది ఈ వ్యవహారము.

తగవు తీర్చిన విధమే మనము నేర్చుకొనవలసిన పాఠము. కన్వెన్షను అధ్యక్షుడు ఒక కమిటీని నియమిస్తాడు. ఆ కమిటీ మరొక కమిటీ సభ్యుల పేర్లు సూచిస్తుంది. ఆ రెండవ కమిటీ కళాశాలలకు, మిషను బోర్డులకు ట్రస్టీల పేర్లు సూచిస్తుంది. కాబట్టి వరుసగా పది సంవత్సరములు అధ్యక్షపదవిని గెలిచిన పక్షము సంస్థలన్నిటిని చేతబట్టవచ్చును. ఈ లెక్కను పాల్ ప్రెస్లర్, పెయిజ్ ప్యాటర్సన్ అను ఇద్దరు బాగుగా గ్రహించారు. 1979లో హ్యూస్టను సభలో ఏడ్రియన్ రోజర్స్ గారు అధ్యక్షులైనది మొదలు వారి పక్షమే గెలుస్తూ వచ్చింది. 1985లో డల్లాసు సభకు 45 వేలకు పైగా సంఘ ప్రతినిధులు వచ్చారు. ప్రార్థించుటకు అంతమంది వచ్చియుంటే ఎంత బాగుండును! చాలామంది వచ్చినది ఓటు వేయుటకు. ఆ ఏడే సమాధాన కమిటీని వేశారు, 1987లో అది నివేదిక ఇచ్చింది, సమాధానము మాత్రము రాలేదు.

ఓడినవారిలో కొందరు 1991లో కోఆపరేటివ్ బాప్టిస్టు ఫెలోషిప్ పేరున వేరుగా కూడుకొన్నారు. 2000లో విశ్వాస ప్రమాణమును మరల మార్చారు. బైబిలును వివరించుటకు క్రీస్తే కొలబద్ద అని 1963 ప్రమాణములో ఉన్న మాటను తీసివేశారు. ఆ మాటను ఆడ్డము పెట్టుకొని లేఖనమును తక్కువ చేయుచున్నారని గెలిచినవారి వాదన. క్రీస్తు కంటె పత్రము పెద్దదైనదని ఓడినవారి ఆవేదన. ఆ క్రొత్త ప్రమాణమునకు ఒప్పుకొనని మిషనరీలు కొందరు 2003లో పని కోల్పోయారు. 2004లో కన్వెన్షను, 1905లో పుట్టిన ప్రపంచ బాప్టిస్టు కూటమినుండి బయటకు వచ్చింది. మన తెలుగు బాప్టిస్టు సంఘములు ఉన్న కూటమి అది.

అయితే మమ్మును ఎక్కువగా కలవరపెట్టిన సంగతి ఇంకొకటున్నది. సంఘములలో స్త్రీలను, పిల్లలను చెరిచినవారి పేర్ల పట్టిక ఒకటి ఉంచండని బాధితులు వేడుకొన్నారు. ప్రతి స్థానిక సంఘము స్వతంత్రమైనది గనుక అది మా చేతిలో లేదని 2008లో కన్వెన్షను కార్యవర్గము జవాబిచ్చింది. 2019లో టెక్సాసు పత్రికలు రెండు, ఇరవై ఏండ్లలో ఏడు వందలకు పైగా బాధితుల సంగతి బయటపెట్టాయి. 2021లో సామాన్య ప్రతినిధులే పట్టుబట్టి స్వతంత్ర విచారణ చేయించారు. కార్యవర్గ ఉద్యోగులే అటువంటి పట్టిక ఒకటి రహస్యముగా ఉంచుకొన్నారని 2022లో తేలింది. ఆ మరుసటి ఏడే, స్త్రీలను కాపరులుగా నియమించినందుకు రిక్ వారెన్ గారు స్థాపించిన సాడిల్‌బ్యాక్ సంఘమును కన్వెన్షను వెలివేసింది.

స్త్రీలు కాపరులు కావచ్చునా అను ప్రశ్నకు మేమిక్కడ జవాబు చెప్పబూనలేదు. ఎవరితో సహవాసము చేయాలో నిర్ణయించుకొను హక్కు ఏ కన్వెన్షనుకైనను ఉన్నది. అయితే ఆ హక్కు 2023లో గుర్తు వచ్చి 2008లో ఎందుకు గుర్తు రాలేదు? సంఘ స్వాతంత్ర్యము బలహీనుల కన్నీటికి అడ్డుగోడయై, బలవంతుల నిర్ణయమునకు తెరచిన తలుపైనది. మన గుర్తింపును గూర్చి ఎంత గట్టిగా వాదించినను, ఆ గుర్తింపు చిన్నవారిని కాపాడని దినమున దానికి విలువ ఏమున్నది?

ఇది చదివి అమెరికావారిని నిందించి ఊరుకొనవద్దు. మన సంఘములలోను ఎన్నికల గొడవలు, ఆస్తుల గొడవలు కోర్టు మెట్లెక్కుట పాఠకులెరుగని సంగతి కాదు. కాబట్టి మూడు మాటలు మనవి చేయుచున్నాము.

సర్వసభ్య సమావేశములో ఓడిన పక్షమునకు మాటలాడుటకు సమయమివ్వండి. చేతులెత్తి లెక్కపెట్టుట అయిదు నిమిషముల పని, వినుట మాత్రము సంవత్సరముల పని. పదవులు, లెక్కలు, నియామకములు అందరి యెదుట ఉంచండి. కానుక వేసిన విధవరాలికి ఆ కానుక ఎక్కడికి పోయినదో అడుగు హక్కున్నది. మూడవది, సంఘములో ఒక ఆడపిల్ల ఫిర్యాదు చేస్తే "సంఘము పరువు" అను మాట ఎత్తవద్దు. ఆ పిల్లను కాపాడుటయే సంఘము పరువు.

అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయములో యెరూషలేము సంఘము ఎదుట ఇంతకంటె పెద్ద ప్రశ్న వచ్చింది. అన్యజనులు సున్నతి లేకుండ సంఘములో చేరవచ్చునా? అక్కడ పేతురు చెప్పినది విన్నారు, బర్నబా పౌలులు చెప్పుచుండగా సమూహమంతయు మౌనముగా విన్నది, చివరకు యాకోబు లేఖనము తెరచి తీర్పు చెప్పాడు. సత్యమును విడిచిపెట్టలేదు, సహోదరులను విడిచిపెట్టలేదు.

తప్పిదము చేసిన సహోదరునితో ఎట్లు మాటలాడాలో మత్తయి 18వ అధ్యాయములో మన ప్రభువు నేర్పాడు. అతడు వినినయెడల మనకు దొరికే లాభము వాదములో గెలుపు కాదు, సహోదరుడే. ఈ నెలలో మీ సంఘములో మీకు ఎదురు ఓటు వేసినవారి ఇంటికి ఒకసారి వెళ్లి, కలిసి ప్రార్థించి రండి. సమాధానకర్తయగు దేవుడు మీ గృహములకును సంఘములకును తోడైయుండును గాక. ఆమేన్.