సంకల్పాల పద్దు

లోక్‌సభలో మంత్రులు అలవోకగా అనే “పరిశీలిస్తాం”, “సమాచారం సేకరిస్తున్నాం” వంటి మాటలు ఊరికే గాలిలో కలిసిపోవు. వాటిని ఏరి పద్దు కట్టడానికి ప్రభుత్వ హామీల సంఘం ఒకటి 1953 నుంచి పనిచేస్తున్నది. హామీని మూడు నెలలలో నెరవేర్చాలన్నది నియమం. గడువు చాలకపోతే శాఖవారు కారణం చూపి పొడిగింపు కోరాలి. ఈ సంఘం నివేదికలను ఓపికగా చదివేవారు పత్రికల గ్యాలరీలో సైతం తక్కువే. అయినా వాటిలో ఒక సుగుణమున్నది. పని ఎందుకు కాలేదో ఎవరో ఒకరు కాగితం మీద పెట్టక తప్పదు.

జనవరి ఒకటినో, ఉగాదినాడో పౌరులు సైతం తమకు తాము హామీలిచ్చుకుంటారు. రోజూ గంట నడవాలి, ఒక భాష నేర్వాలి, నెలకో పుస్తకం చదవాలి. వీటికి సంఘం లేదు, గడువు లేదు. పొడిగింపు మాత్రం ఏటేటా లభిస్తుంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పదమూడు సద్గుణాలకు గళ్ల పుస్తకం గీసుకొని, వారానికొకటి చొప్పున ఏడాదికి నాలుగు ఆవృత్తులు సాధన చేయబూనాడు. తప్పినచోట నల్లచుక్క పెట్టుకునేవాడు. నేడు ఆ చుక్కలు పెట్టే పని మణికట్టు గడియారానికి అప్పగించాం. దానికి వేదవాక్కయిన పదివేల అడుగులకు మూలం వైద్యశాస్త్రం కానే కాదు, 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన అడుగుల లెక్క యంత్రం పేరు! వృద్ధ స్త్రీలపై అమెరికాలో జరిగి 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో సుమారు 7,500 అడుగుల దగ్గరే లాభం నిలకడకు వచ్చినట్లు తేలింది. సరే, లెక్క కొంత అటూ ఇటూ అయినా నడక మంచిదే. నాకున్న పేచీ వేరు. నల్లచుక్క ఎందుకు పడిందో ఫ్రాంక్లిన్ పుస్తకమూ అడగదు, గడియారమూ అడగదు.

ఆ కారణం కూడా రాసి ఉన్న పుస్తకాలు రెండు ఇటీవల ఖరగ్‌పూర్‌లో నా కంటబడ్డాయి. అక్కడి ఐఐటీ ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న ప్రేమ్ బజార్‌లో వరుసకు నాకు బావగారయ్యే ఒక విశ్రాంత రైలు డ్రైవరు కాపురముంటున్నారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఆ ఊరికి తరలిపోయిన తెలుగు కుటుంబాలలో వారిదొకటి. హిందీలో చదువుకున్న మనిషి. ఇంట్లో తెలుగు మాట్లాడడమే గాని అక్షరం రాదు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషగా గుర్తింపునిచ్చినప్పుడు, ఆ వార్తను తెలుగు పత్రికలో చదువుకోలేకపోయానని ఆయన బాధపడ్డారు. నిరుడు రెండు పనులు తలపెట్టారు. తెల్లవారుజామున గంట నడక, సాయంత్రం గంట తెలుగు చదువు. పన్నెండు నెలల గళ్లూ ఇంచుమించు నిండాయి. ఇప్పుడు సంపాదకీయాలు తడుముకుంటూ చదువుతున్నారు, వాటిమీద విసుక్కుంటున్నారు కూడా.

రెండవ పుస్తకం 1994 నాటి డైరీ. అందులోనూ అవే రెండు సంకల్పాలు! మూడు వారాలు సాగి ఆగిపోయాయి. ఆగిన చోటల్లా పొట్టి అక్షరాలలో కారణం ఉన్నది. రాత్రి డ్యూటీ. రెండింటికి కాల్‌బాయ్ వచ్చాడు. రన్నింగ్ రూములో నిద్ర లేదు. మళ్లీ రాత్రి డ్యూటీ. “అప్పుడు బద్ధకస్తుణ్ణి, ఇప్పుడు బుద్ధిమంతుణ్ణి అయిపోయాననుకుంటున్నావేటి?” అని బావగారు నవ్వారు. పింఛను రాగానే గంటలు ఆయన చేతికి వచ్చాయి. అంతే తేడా.

అయితే ఆ గళ్ల పుస్తకంలో అక్కయ్యకు వరుస లేదు. నాలుగింటికి లేచే ఆమెకు పింఛనూ లేదు, విరమణా లేదు. 2019 నాటి జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపనికి పూనుకున్న స్త్రీలు దానిమీద రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తే, పురుషులు 97 నిమిషాలతో సరిపెట్టారు.

ఖరగ్‌పూర్ ఈ పాఠం ఎన్నడో నేర్చిన ఊరు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్వాసనకు గురైన కార్మికుల పక్షాన మన వి.వి. గిరి అహింసాయుత సమ్మె నడిపారు. 1973లో ఇంజను సిబ్బంది సమ్మె దరిమిలా పదిగంటల డ్యూటీ హామీ వెలువడింది. 1974 మే నెల సమ్మెలో ఎనిమిది గంటల పని ఒక ప్రధాన కోరిక. ప్రభుత్వం దానిని ఉక్కుపాదంతో అణచినప్పుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది ఆ గిరిగారే! ఇంజను సిబ్బంది పనిగంటల తగవు నేటికీ తెగలేదు.

పనిగంటలు తెగనివ్వకుండానే పాలకులు వ్యాయామం బోధిస్తున్నారు. 2019 ఆగస్టు 29న ప్రధానమంత్రి ‘ఫిట్ ఇండియా’ ఉద్యమం ప్రారంభించారు. ఉద్దేశం మెచ్చదగినదే. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజు పని పరిమితిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచే సవరణను ఆమోదించింది. జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థలలో పది గంటల పనికి అనుమతినిచ్చింది, వారానికి 48 గంటల హద్దు మాత్రం ఉంచింది. పరిశ్రమకు సౌలభ్యం కావాలన్న వాదనను తోసిపుచ్చలేము. కానీ పదో గంట ఎక్కడి నుంచి వస్తుంది? నిద్ర నుంచి, నడక నుంచి, బిడ్డల చదువు చూసుకునే సాయంత్రం నుంచి వస్తుంది. ప్రయాణానికి మరో రెండు గంటలు పోయేవానికి సంకల్పబలం మీద ఉపన్యాసమిచ్చి ప్రయోజనమేమి?

పనివేళలు ముగిశాక యజమాని పిలుపునకు బదులు పలకకుండా ఉండే హక్కు కోరుతూ సుప్రియా సూలే లోక్‌సభలో ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టారు. ఇటువంటి అనధికార బిల్లులలో స్వాతంత్ర్యానంతరం చట్టాలైనవి పద్నాలుగే. చివరిది 1970లో. వాటికి కేటాయించినది శుక్రవారం మధ్యాహ్నం. ఆ వేళకు సభలో ఖాళీ బెంచీలే ఎక్కువగా కనిపిస్తాయి. వారాంతపు విశ్రాంతికి గౌరవ సభ్యులు చాలామంది అప్పటికే విమానాశ్రయం దారి పట్టి ఉంటారు.