నేతిలోని ట్రాన్స్‌ఫ్యాట్ వేరు, వనస్పతిలోనిది వేరు: గోదావరి మిఠాయిల తనిఖీలో గమనించవలసిన భేదం

రాజమహేంద్రవరం: వంటనూనెలు, క్రొవ్వులు, వాటితో తయారైన ఆహార పదార్థాలలో పారిశ్రామికంగా ఏర్పడిన ట్రాన్స్‌ఫ్యాట్ మొత్తం క్రొవ్వులో 2 శాతానికి మించరాదన్న నిబంధన 2022 జనవరి 1 నుండి దేశమంతటా అమలులో ఉన్నది. 2016లో 5 శాతంగా, 2021లో 3 శాతంగా ఉండిన పరిమితిని భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ ఈ స్థాయికి తగ్గించినది. ఆత్రేయపురం పూతరేకులకు, తాపేశ్వరం మడత కాజాకు పేరుపడిన గోదావరి డెల్టాలో ఈ నిబంధనలోని ‘పారిశ్రామికంగా’ అన్న మాటను అధికారులు, పాత్రికేయులు ప్రత్యేకించి గమనించవలసి ఉన్నది.

నూనెలోనికి నికెల్ ఉత్ప్రేరకంతో హైడ్రోజన్‌ను పంపి పాక్షికంగా గట్టిపరచినపుడు ట్రాన్స్‌ఫ్యాట్ ఏర్పడుతుంది. వనస్పతి దశాబ్దాలపాటు తయారైనది ఈ పద్ధతిలోనే. ఇది చెడు కొలెస్టరాల్‌ను పెంచుటయే గాక మంచి కొలెస్టరాల్‌ను తగ్గిస్తుంది. అయితే ఆవులు, గేదెల పొట్టలోని సూక్ష్మజీవుల వలన పాలక్రొవ్వులో సైతం సుమారు 2 నుండి 5 శాతం ట్రాన్స్‌ఫ్యాట్ సహజంగానే ఉంటుంది. ప్రయోగశాల నివేదికలో మొత్తం అంకెను మాత్రమే చూచినచో, స్వచ్ఛమైన నేతితో చేసిన పూతరేకు దోషిగా కనిపించవచ్చును. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిఠాయిపై అటువంటి వార్త ఒక్కటి వెలువడినను, దానిపై ఆధారపడిన మహిళల ఉపాధికి కలిగే నష్టం చిన్నది కాదు.

దీనికి విరుద్ధమైన చిక్కు మరొకటి ఉన్నది. పామాయిల్ సహజంగానే సగం గడ్డకట్టి ఉండును గనుక, పాక్షిక హైడ్రోజనీకరణ లేకుండానే దాని నుండి గట్టి క్రొవ్వు చేయవచ్చును. అందులో ట్రాన్స్‌ఫ్యాట్ స్వల్పమే గాని, పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త క్రొవ్వే. ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఏలూరు సమీపంలోని పెదవేగిలోనే ఉన్నందున ఈ పంట డెల్టా ప్రజలకు కొత్త కాదు. ఇటువంటి క్రొవ్వును నేతిలో కలిపినచో ట్రాన్స్‌ఫ్యాట్ పరీక్షలో కల్తీ బయటపడదు. వనస్పతి కల్తీని పట్టుకొనుటకే పూర్వం అందులో 5 శాతం నువ్వుల నూనె కలపాలన్న నియమం పెట్టిరి. ఆ నూనె ఉన్న నెయ్యి బౌడౌయిన్ పరీక్షలో గులాబీ రంగుకు మారును. కనుక కల్తీకి ఒక పరీక్ష, ట్రాన్స్‌ఫ్యాట్‌కు వేరొక పరీక్ష అవసరమగును.

సహజమైనది గనుక నేతికి హద్దు లేదని దీని అర్థం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు రకాల ట్రాన్స్‌ఫ్యాట్‌ను కలిపియే రోజువారీ శక్తిలో 1 శాతానికి లోపు, అనగా 2,000 కేలరీల ఆహారంలో సుమారు 2.2 గ్రాములలోపు ఉండాలని సూచించినది.

ప్యాకెట్లపై వివరాలు ముద్రితమై ఉండును. విడిగా కొన్న క్రొవ్వుతో వేగే కాజా విషయంలో మాత్రం దుకాణదారు వద్దనున్న కొనుగోలు రశీదు నుండే తనిఖీ మొదలు కావలసి ఉన్నది.