ఉపగ్రహ ప్రయోగాల ఫలితం – ఏజెన్సీ గూడేలకు వాన హెచ్చరిక

జైనూర్: కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని జైనూర్ వంటి ఏజెన్సీ మండలాలలో వాగులు పొంగితే గూడేలకు రాకపోకలు నిలిచిపోతాయి. హెచ్చరిక సకాలంలో అందడం ఇక్కడ ప్రాణావసరం. అందుకు ఆధారమైన సాంకేతికత నాలుగు దశాబ్దాల నాటి ప్రయోగాలతో రూపుదిద్దుకుంది.

1981 జూన్ 19న భారత ప్రయోగాత్మక సమాచార ఉపగ్రహం 'యాపిల్', ఐరోపా వాతావరణ ఉపగ్రహం 'మెటియోశాట్-2' ఒకే ఏరియన్ రాకెట్‌పై కక్ష్యకు చేరాయి. యాంటెన్నా పరీక్ష కోసం యాపిల్‌ను ఎడ్లబండిపై నిలిపిన ఛాయాచిత్రం సుప్రసిద్ధం. ఒక సౌరఫలకం విచ్చుకోకపోయినా అది రెండేళ్లకు పైగా పనిచేసింది. సమాచార ప్రసారం, వాతావరణ పరిశీలన అనే రెండు బాధ్యతలనూ 1983లో ప్రయోగించిన ఇన్‌శాట్-1బి ఒక్కటే నిర్వహించింది.

శ్రీహరికోట నుంచి 2016 సెప్టెంబరు 8న ఇన్‌శాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరి 17న ఇన్‌శాట్-3డీఎస్ ప్రయోగించబడ్డాయి. స్వయంచాలక వాతావరణ కేంద్రాల కొలతలను ఇవి నేరుగా స్వీకరించి పంపగలవు. అందుకు సెల్ టవరు అవసరం లేదు. అడవి ప్రాంతాలకు మేఘ చిత్రాలకన్నా ఈ సదుపాయమే ముఖ్యమైనదని చెప్పవచ్చు. ఉపగ్రహ చిత్రం ప్రధానంగా మేఘం పైభాగాన్ని చూపుతుంది. నేలపై ఎంత వాన కురిసిందో వర్షమాపకమే చెప్పాలి.

అయితే కొలత పైకి వెళ్లినంత సులువుగా హెచ్చరిక కిందికి రాదు. సిగ్నల్ అందని గూడేనికి గ్రామ సిబ్బందే దానిని చేరవేయాలి, అదీ గోండి మాట్లాడే కుటుంబాలకు అర్థమయ్యే మాటలలో.