రాత్రి ఆకాశం ఆడపిల్లలది కాదా?

కార్తీక సోమవారం పగలంతా ఉపవాసం ఉండి, చీకటి పడ్డాక పెరట్లోకి వచ్చి చుక్కని చూసి భోంచేస్తాం. మనలో చాలామందికి ఆకాశంతో ఉన్న చుట్టరికం అంతవరకే. ఆ తరువాత తలుపు గడియ పడుతుంది. ఎనిమిది దాటాక ఆడపిల్ల డాబా ఎక్కితే "ఈ వేళప్పుడు పైనేం పనే?" అని కింద నుంచి కేకేస్తాం. అదే మగపిల్లాడు పదకొండింటి దాకా సెల్లు పట్టుకుని అక్కడే తిరుగుతున్నా మనకి పట్టదు.

ఇప్పుడీ మాట ఎందుకంటే, ఎక్కడో దూరాన ఉన్న గెలాక్సీలని సొంత కెమెరాతో ఫొటో తియ్యడం ఈ రోజుల్లో మామూలు ఇళ్లకీ అందుబాటులోకి వచ్చింది. సైన్సు మీద ఇష్టం ఉన్న అమ్మాయిలు మన ఇళ్లలో ఎంతమంది లేరు? ఓపిక వాళ్లకి ఉంది. లేనిదల్లా రాత్రిపూట రెండు గంటలు ఎవరూ గదమకుండా నిలబడే చోటు.

కార్తీకంలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో, నడినెత్తి నుంచి కాస్త ఉత్తరంగా ఆండ్రోమెడా గెలాక్సీ ఉంటుంది. అక్కడి వెలుగు మనల్ని చేరడానికి సుమారు 25 లక్షల ఏళ్లు పడుతుంది. వెన్నెల లేని రాత్రి, ఊరి దీపాలకి దూరంగా నిలబడితే మామూలు కంటికే చిన్న పొగమరకలా కనిపిస్తుంది. మన కన్ను వెలుగుని కూడబెట్టుకోలేదు, కెమెరా కూడబెడుతుంది. కిటుకంతా అందులోనే ఉంది. స్టాండుకి కెమెరా బిగించి, 50 మిల్లీమీటర్ల లెన్సుతో ఐదారు సెకన్ల చొప్పున వంద, రెండు వందల ఫొటోలు తియ్యాలి. అంతకు మించి తెరిచి ఉంచితే భూమి తిరుగుడు వల్ల చుక్కలు గీతల్లా సాగిపోతాయి. తీసినవన్నీ డీప్‌స్కైస్టాకర్ లాంటి ఉచిత కంప్యూటర్ ప్రోగ్రాములో ఒకదాని మీద ఒకటి పేరిస్తే, ఆ మరక కాస్తా వెలుగుతున్న కోలగా బయటపడుతుంది. చుక్కల వెంట కెమెరాని మెల్లగా తిప్పే ట్రాకర్ కూడా ఉంటే ఒక్కో ఫొటోనీ నిమిషాల తరబడి తియ్యవచ్చు.

ఇదంతా వట్టి కాలక్షేపం అనుకోకండి. ఆండ్రోమెడా సుడి ఆకారాన్ని 1888లో ఫొటోలో పట్టిన ఐజక్ రాబర్ట్స్ ఉద్యోగరీత్యా శాస్త్రవేత్త కాడు, వ్యాపారి. 2011 జనవరిలో కెనడాకి చెందిన క్యాథరిన్ గ్రే అనే పదేళ్ల పాప, తండ్రి పక్కన కూర్చుని, వాళ్ల కుటుంబ స్నేహితుడు తీసిన ఫొటోలని పాతవాటితో పోల్చి చూస్తూ ఒక కొత్త చుక్కని గుర్తుపట్టింది. అది సుమారు 24 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో పేలిపోయిన నక్షత్రం. అలాంటిది కనిపెట్టినవాళ్లలో అప్పటికి ఆమే అందరికంటే చిన్నది. 2023లో జర్మనీ, ఫ్రాన్సులకు చెందిన ముగ్గురు ఔత్సాహికులు, ఎన్నో రాత్రులు తీసిన ఫొటోలు పేర్చి, ఆండ్రోమెడా పక్కన అంతవరకూ ఎవరి కంటా పడని పెద్ద వెలుగు చాపాన్ని లోకానికి చూపించారు.

రాత్రి ఆకాశం దగ్గర ఆడవాళ్లని ఆపింది మనమొక్కరమే కాదు. 1950లలో అమెరికాలోని మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీలో పని చెయ్యడానికి మార్గరెట్ బర్బిడ్జ్ భర్త పేరు మీద అనుమతి తీసుకుని, ఆయన సహాయకురాలిగా వెళ్లవలసి వచ్చింది. పాలొమార్ అబ్జర్వేటరీ 1965 దాకా ఏ మహిళకీ అధికారికంగా అవకాశం ఇవ్వలేదు. మరుగుదొడ్డి లేదన్నది ఒక సాకు! ఆ అవకాశం మొదట పొందిన వెరా రూబిన్ నలుగురు పిల్లల తల్లి. ఆండ్రోమెడా ఎలా తిరుగుతోందో కొలిచి 1970లో ప్రకటించింది ఆమే, సహచరుడు కెంట్ ఫోర్డ్‌తో కలిసి. కంటికి కనిపించని పదార్థం ఉందన్న ఆలోచనకి ఆ కొలతలు బలమిచ్చాయి. ఇవాళ చిలీలో ఒక పెద్ద అబ్జర్వేటరీ ఆమె పేరుతోనే ఉంది.

"రోజులు బాగాలేవు కదండీ" అంటారు. నిజమే. అయితే తోడు వెళదాం. తల్లి గానీ, తండ్రి గానీ చాప వేసుకుని పక్కన కూర్చుంటే ఏం పోయింది? భయం పేరు చెప్పి అమ్మాయిని కిందికి దించెయ్యడం మనకి సులువు, అంతే. ఖర్చంటారా, పెళ్లి ఫొటోల కోసం కొన్న కెమెరా చాలా ఇళ్లలో బీరువాలో మూలుగుతూనే ఉంది. మొదలుపెట్టడానికి అది చాలు. టౌనులో దీపాల వెలుతురు ఎక్కువైతే, సెలవలకి పల్లెలో అమ్మమ్మ ఇంటికి వెళ్లినప్పుడు, అమావాస్యకి అటూ ఇటూ చూసుకుని తియ్యవచ్చు. "దీనివల్ల లాభమేమిటి?" అని మాత్రం అడగకండి. మగపిల్లాడి క్రికెట్టుకి మనమెప్పుడైనా లాభం లెక్క వేశామా?

ఆడపిల్లలు అంతరిక్షంలోకి వెళ్లారని సభల్లో చప్పట్లు కొడతాం. ముందు ఇంటి మెట్లెక్కి డాబా దాకా వెళ్లనిద్దాం.