తోప్రాక్ గెలిస్తే మన పిల్లలకి బైకు తాళమెందుకు?



2025 అక్టోబర్‌లో స్పెయిన్‌లోని జెరెజ్ ట్రాక్ మీద తుర్కీ నౌజవాన్ తోప్రాక్ రజ్‌గత్లిఓలు మూడోసారి వరల్డ్ సూపర్‌బైక్ చాంపియన్ అయ్యాడు. మన ఖాన్‌దాన్ గ్రూపుల్లో మాషాఅల్లాహ్‌లే మాషాఅల్లాహ్‌లు. "పోడియం ఎక్కినా షాంపేన్ ముట్టడు, చూడండి ఈమాన్ అంటే ఇదీ" అని ఒకే వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. చూసి నాకూ దిల్ ఖుష్ అయింది. ఆ ఫఖర్‌తో నాకు ఝగడా లేదు. ఆ జష్న్ ఫోన్లోంచి దిగి గల్లీలోకి వస్తుంది చూడండి, అక్కడ ఉంది నా ఝగడా. దానికి పెట్రోలు డబ్బులిచ్చే అబ్బాజాన్‌లతో ఇంకా ఎక్కువ ఉంది.

అలాన్యా ఊరివాళ్ళు జష్న్ చేసుకుంటే అది వాళ్ళ హక్. వాళ్ళ కళ్ళముందు పెరిగిన పిల్లోడు. 2015 నుంచి 2020 దాకా వరసగా ఆరేళ్ళు జొనాథన్ రే దగ్గరే ఉండిపోయిన టైటిల్‌ని 2021లో ఇండోనేషియాలోని మండలికలో లాక్కున్నాడు. తుర్కీకి అదే మొదటిది. 2024లో బీఎండబ్ల్యూ బండి మీద వరసగా 13 రేసులు గెలిచాడు. ఇవన్నీ మనవాళ్ళకి నోటికొచ్చు. అతని అబ్బా సంగతి మాత్రం ఏ ఫార్వర్డ్‌లోనూ రాదు. ఆరిఫ్ ఆయన పేరు. బైకు స్టంట్లలో మషూర్. "తెక్ తెకెర్ ఆరిఫ్" అనేవారు, ఒంటిచక్రం ఆరిఫ్ అన్నమాట. 2017లో మోటార్ సైకిల్ ప్రమాదంలోనే ఇంతికాల్ అయ్యాడు. కొడుకు చాంపియన్ కావడం చూడలేదు. తోప్రాక్‌ని వెనకుండి నడిపించిన కెనాన్ సోఫుఓలు ఐదుసార్లు వరల్డ్ సూపర్‌స్పోర్ట్ చాంపియన్. ఆయన అన్నలిద్దరూ చిన్న వయసులోనే పోయారు, ఒకరు రోడ్డు ప్రమాదంలో, ఇంకొకరు రేసు ప్రాక్టీసులో. ఆ ఇళ్ళలో ఈ కప్పుల వెనక ఎన్ని జనాజాలు లేచాయో మన స్టేటస్‌లకి తెలియదు.

ఇక్కడ కొందరు బుజుర్గులు అందుకుంటారు: "రేసులంటేనే లహ్వ్, షైతాన్ పని, చూడ్డం కూడా గునాహే." వాళ్ళతోనూ నాకు పేచీయే. సహీహ్ బుఖారీ తెరవండి. ప్రవక్త (స) స్వయంగా గుర్రప్పందాలు పెట్టించారు. తర్ఫీదు పొందిన గుర్రాలకి హఫ్యా నుంచి సనియ్యతుల్ వదా దాకా, అంటే ఐదారు మైళ్ళు. తర్ఫీదు లేని గుర్రాలకి అక్కణ్ణుంచి బనూ జురైఖ్ మస్జిద్ దాకా, ఒక్క మైలు. ఈ రివాయత్ చెప్పిన ఇబ్నె ఉమర్ (రజి) తానే ఆ పందెంలో స్వారీ చేశారు. షౌక్‌ని ఆపలేదు. కానీ ఎవరు ఎక్కడ, ఎంత దూరం పరిగెత్తాలో హద్దు గీశారు. గుర్రానికే తర్ఫీదు చూసి దూరం నిర్ణయించిన ఉమ్మత్ మనది. మరి పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసయ్యాడని రెండొందల సీసీ బండి కొనిచ్చి, తాళం చేతిలో పెట్టి, "భద్రం బేటా" అని పంపుతున్నాం! దీన్ని ఏ కితాబులో చూశామో నాకు చెప్పండి.

తోప్రాక్ గెలవగానే వెనక చక్రం గాల్లోకి లేపి ముందు చక్రం మీద బండిని నిలబెడతాడు. స్టాపీ అంటారు. రీల్స్‌లో కనిపించేది అంతే. ట్రాక్ మీద బళ్ళన్నీ ఒకే దిశలో పోతాయని, ఎదురుగా ఆటో రాదని, జారిపడితే ఆపడానికి కంకర పరిచి ఉంటుందని, ఒంటి మీది తోలు సూటులో ఎయిర్‌బ్యాగ్ ఉంటుందని, గోడ పక్కనే డాక్టర్లు నిలబడి ఉంటారని రీల్‌లో కనపడదు. అన్నీ ఉండి కూడా 2024లో ఫ్రాన్స్‌లోని మాన్యి కూర్‌లో పడి, ఊపిరితిత్తి దెబ్బతిని, అక్కడి రేసులూ ఆ తర్వాత క్రెమోనా రేసులూ వదులుకున్నాడు. మూడుసార్ల చాంపియన్ అతను. మనవాడి దగ్గర ఏముంది? చప్పల్, టీషర్టు, వెనక ఇద్దరు దోస్తులు.

హైదరాబాద్‌లో షబే బరాత్ వస్తే పోలీసులు ఫ్లైఓవర్లు మూసేస్తారు. ఇబాదత్ రాత్రికి మన పిల్లల భయంతో శహర్ వంతెనలకి అడ్డం పెట్టాల్సి రావడం కన్నా బేయిజ్జతీ ఏముంది? "మనవాళ్ళనే ఎందుకు పట్టుకుంటారు" అని మర్నాడు అరుస్తాం. పక్షపాతం ఉన్నచోట అరవాల్సిందే, నేనూ అరుస్తాను. కానీ ఆ రాత్రి ఒంటిగంటకి కొడుకు ఎక్కడున్నాడో తెలియని అబ్బా సంగతి ఎవరు అడుగుతారు? చట్టం అడుగుతుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే తండ్రికో బండి ఓనరుకో 25,000 జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. పిల్లోడికి 25 ఏళ్ళు నిండేదాకా లైసెన్స్ రాదు.

ఇంకో మాట, అమ్మీలకి. బేటీ కాలేజీకి స్కూటీ అడిగితే "జమానా బాగాలేదు" అంటారు. హెల్మెట్ పెట్టుకుని నలభై దాటకుండా పోయే పిల్లకి బండి ఉండదు. హెల్మెట్ పెడితే జుట్టు చెడుతుందనే పిల్లోడికి ఉంటుంది. ఇది ఏ తర్బియత్?

మా మొహల్లాలో ఇలాంటి ఒక పిల్లోడి జనాజాకి వెళ్ళాను. పదహారేళ్ళు. చుట్టూ అందరూ "అల్లాహ్ మర్జీ" అన్నారు. మౌత్ అల్లాహ్ చేతిలోదే, నా ఈమాన్ కూడా అదే. కానీ ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయమన్న దీన్ ఇది. తాళం మనం ఇచ్చి, హెల్మెట్ మనం అడక్కుండా వదిలేసి, హిసాబ్ మొత్తం తక్దీర్ ఖాతాలో రాయడం నాకు మింగుడుపడదు.

పిల్లోడికి నిజంగా షౌక్ ఉంటే చంపకండి. పద్దెనిమిది నిండి లైసెన్స్ వచ్చేదాకా రోడ్డు మీదికి వదలకండి, అంతే. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ట్రాక్ ఉంది, కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉంది. ఆ బండికి పెట్టే ఖర్చుతో అక్కడికి తీసుకెళ్ళి నేర్పించే ఉస్తాద్ ఎవరున్నారో అడగండి. మస్జిద్ కమిటీల వాళ్ళు షబే బరాత్‌కి ముందు జుమాలో పది నిమిషాలు ఈ సంగతికి ఇప్పించండి. ఆ పది నిమిషాలూ పిల్లలతో కాదు, మొదటి సఫ్‌లో కూర్చున్న తండ్రులతో మాట్లాడాలి.

తోప్రాక్ 2026 నుంచి మోటోజీపీకి వెళ్తున్నాడు, యమహా బండి మీద. రేసు ఉన్న ఆదివారం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి, చాయ్ పెట్టించుకోండి, గెలిస్తే మిఠాయి పంచండి. ఆ రాత్రి బైకు తాళం మాత్రం మీ జేబులోనే ఉండనివ్వండి.