ప్యాకెట్ అటుకులా, రాగి జావా?

మన హాస్టల్లో చదివి ఉద్యోగాల్లో స్థిరపడిన అక్కలు కొందరు ఈ ఏడాది ఒక మంచి మాట చెప్పారు. పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా పొద్దున్నే పాలల్లో వేసుకుని తినే కార్న్‌ఫ్లేక్స్ ప్యాకెట్లు తామే కొనిపెడతామన్నారు. ఆ అభిమానానికి మేమెంతో కృతజ్ఞులం. కానీ మెస్ కమిటీలో కూర్చుని మాట్లాడుకున్నాక మా అభిప్రాయం వేరుగా తేలింది. అక్కలారా, ఆ డబ్బు మాకు కావాలి, ఆ ప్యాకెట్లు వద్దు.

కార్న్‌ఫ్లేక్స్ అంటే మరేం కాదు. మొక్కజొన్న గింజకున్న పైపొట్టు, మొలక భాగం తీసేసి, మిగిలిన నూకను ఉడికించి, రోలర్ల మధ్య నొక్కి, వేయించినవి. వడ్లు నానబెట్టి, వేయించి, దంచితే మన అటుకులు. రెండూ దగ్గరి చుట్టాలే! ఒకటి బొమ్మల అట్టపెట్టెలో వస్తుంది, ఇంకొకటి కిరాణా కొట్లో గోనెసంచిలో ఉంటుంది. ప్యాకెట్లో ఇనుము, విటమిన్లు కలుపుతారన్నది నిజమే. కొంతవరకు అది పొట్టుతో, మొలకతో పోయినదాన్ని మళ్లీ పూడ్చడమే.

అయినా కొనుక్కునేవాళ్లు కొంటారు కాబట్టి ఒక్క మాట. ప్యాకెట్ ముందువైపు బొమ్మ చూడకండి, వెనక్కి తిప్పండి. మన దేశపు నిబంధనల ప్రకారం అందులోని పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. మొదటి రెండు మూడు పేర్లలోనే పంచదార కనిపిస్తే అది మిఠాయి కింద లెక్క. పిల్లల కోసమని అమ్మే చాక్లెట్ రకాలు కొన్నింటిలో పావు వంతుకు పైగా పంచదారే ఉంటుంది. అన్ని రకాల తిండ్లూ కలిపి రోజంతా తినే శక్తిలో పంచదార వాటా పదో వంతు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మరొకటి, కొన్ని లెక్కలు 30 గ్రాములకు వేసి చూపిస్తారు. 30 గ్రాములంటే గుప్పెడు. మధ్యాహ్నం అన్నం గంట కొట్టేదాకా ఆ గుప్పెడు మనల్ని ఆపుతుందా? సాదా ఓట్స్ మంచివే గానీ, మసాలా కలిపినవాటిలో ఉప్పు ఎక్కువ.

ఇక రాగులు. కొన్ని ఊళ్లలో చోళ్లంటారు, కొన్ని ఊళ్లలో తైదలంటారు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అదే పాలిష్ పట్టిన బియ్యంలో పది కూడా ఉండదు. ఎదిగే వయసు ఆడపిల్లలకు ఇది చిన్న తేడా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. ప్రార్థనలో నిలబడలేక కళ్లు తిరిగి కూర్చునేవాళ్లు మన వరుసల్లోనూ ఉన్నారు. రాగుల్లో ఇనుము కూడా ఉంది. కాకపోతే అది ఒంటికి అంత తేలిగ్గా పట్టదు. గింజ నానబెట్టి మొలకెత్తించి పిండి పట్టిస్తే, పక్కన జామపండో నిమ్మరసమో ఉంటే, కొంత మెరుగ్గా పడుతుంది. వెంటనే టీ తాగితే ఆ లాభం తగ్గిపోతుంది.

అసలు అడ్డంకి పోషకాల లెక్క కాదని మా అనుమానం. జావ, సంకటి అంటే కూలోళ్ల తిండి అని మనకే ఒక చిన్నచూపు. జావ తాగి వచ్చానంటే క్లాసులో నవ్వుతారని భయం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, పేదింట్లో రోజూ వరి అన్నం ఉడికింది. అది గొప్ప సంగతే. ఆ వెనకాలే మన అమ్మమ్మలు తిన్న గింజలకు పరువు పోయింది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు మాత్రం ఆ విత్తనాలను వదల్లేదు. 2019లో ఆ సొసైటీకి ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా లోకమంతా జరుపుకుంది. ఇప్పుడు పట్నాల్లో అదే గింజ ఖరీదైన కొట్లలో అమ్ముతున్నారు. మనం సిగ్గుపడటం దేనికి?

అలాగని మనకు పోసే జావ బాగుందని మేమనము. సగం రోజులు నీళ్లు, సగం రోజులు ఉండలు, అడుగంటిన వాసన. గిన్నెలు కడిగే తొట్టి దగ్గర ఎంత పారబోస్తున్నామో అందరికీ తెలుసు. వంటమ్మలది తప్పనలేము, ఇద్దరే ఇంతమందికి వండాలి. పిండిని ముందు చన్నీళ్లలో కలిపి, మరిగే నీళ్లలో పోస్తూ ఆపకుండా తిప్పాలి, పది నిమిషాలైనా ఉడకాలి. తిప్పడానికి రోజుకు ఇద్దరం వంతులవారీగా వస్తామని వార్డెన్ మేడమ్ గారికి చెప్పాము, ఒప్పుకున్నారు.

అక్కలను మేము అడిగేది ఇదీ: ఆ ప్యాకెట్ల డబ్బుతో రాగులు, వేరుశనగ గుండ్లు, బెల్లం, వారానికి రెండుసార్లు జామపండ్లు. బెల్లం కొంచెమే చాలు, అదీ తీపే కదా. మొలకలు కట్టడానికి పలచని గుడ్డలు, మర పట్టించే కూలి కూడా కలిపి లెక్క కట్టాము. ఆ కాగితం మెస్ రిజిస్టరులో పెట్టి ఉంచాము. వార్షికోత్సవం నాడు భోజనాల దగ్గర అడగండి, చూపిస్తాము. ఆ పూట జావ కూడా మేమే కాస్తాము.