బడి గంట ఆగింది... కాపురం మొదలైంది!

ఇంగ్లండ్ పల్లెల్లో తిరుగుతుంటే అక్కడక్కడా ఓ చిత్రమైన ఇల్లు తగులుతుంది. చర్చికి నాలుగడుగుల దూరంలోనే ఉంటుంది. నిటారుగా వాలిన పెంకుల కప్పు, దాని కొసన చిన్న గంట గూడు, రాతి చట్రాల్లో నిలువెత్తు కిటికీలు. కొన్నిటికి రెండు వాకిళ్లు. ఒకదాని మీద 'బాలురు', రెండో దాని మీద 'బాలికలు' అని రాతిలో చెక్కిన అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు. ఇప్పుడు ఒక వాకిలి వంటింట్లోకి, ఇంకొకటి చెప్పులు విడిచే గదిలోకి. గేటు మీద పేరు మాత్రం అదే... 'ఓల్డ్ స్కూల్ హౌస్'!

ఇలాంటి ఇళ్లు కొనేవాళ్లు మొదట మనసు పారేసుకునేది లోపలున్న పెద్ద హాలు చూసి. అడ్డుగోడ లేకుండా, పైకప్పు దూలాల దాకా ఖాళీగా ఉంటుంది. ఆ కాలపు బడికి అంత పెద్ద ఒంటి గది ఎందుకంటే... సమాధానం మన మద్రాసులో దొరుకుతుంది.

1789లో ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతాచార్యుడు మద్రాసు ఎగ్మూరులో సైనికుల పిల్లల అనాథాశ్రమం బాధ్యత తీసుకున్నాడు. ఓ వీధి బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతుంటే చూశాడు. మన ఓనమాలూ అలా మొదలైనవేగా! పలకలూ కాగితాలూ అక్కర్లేని ఆ ఉపాయం ఆయనకు తెగ నచ్చింది. తన ఉపాధ్యాయులకు చెబితే వాళ్లు ముఖం చిట్లించారు. దాంతో ఎనిమిదేళ్ల జాన్ ఫ్రిస్కెన్‌ను పిలిచి, చిన్న పిల్లలకు నువ్వే నేర్పు అన్నాడు. వాడు నేర్పేశాడు. నేర్చుకున్న పిల్లలే మిగతా వాళ్లకు చెప్పే ఈ పద్ధతిని వివరిస్తూ బెల్ 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. దానికి 'మద్రాసు పద్ధతి' అనే పేరు స్థిరపడింది. ఆయన సొమ్ముతో 1832లో సెయింట్ ఆండ్రూస్‌లో నెలకొల్పిన బడి పేరు నేటికీ మద్రాస్ కాలేజీయే.

1811లో పుట్టిన నేషనల్ సొసైటీ ఊరూరా చర్చి బడులు పెడుతూ ఈ పద్ధతినే పట్టుకుంది. మేష్టారు ఒక్కడే. పిల్లలు మాత్రం వందల్లో కూడా ఉండొచ్చు. గదులుగా విడగొడితే ఆయన కన్ను అందరి మీదా ఎలా ఉంటుంది? అందుకే హాలు. దాదాపు అదే పద్ధతిని లండన్‌లో నడిపించిన జోసెఫ్ లాంకస్టర్ అనుచరుల హాలు ఒకటి హిచిన్ పట్టణంలో మిగిలింది. 1837లో కట్టిన ఆ గది ఇప్పుడు మ్యూజియం.

కిటికీల సంగతి ఇంకో తమాషా. వెలుగు దండిగా కావాలి, పిల్లలు మాత్రం బయటికి చూడకూడదు. అందుకని కిటికీ అడుగు అంచును పిల్లల తల పైకి ఎత్తేశారు. ఈనాడు అందులో కాపురముంటున్నవాళ్లకు సోఫాలో కూర్చుంటే కనిపించేది ఆకాశమొక్కటే!

బడులు కట్టడానికి ప్రభుత్వం తొలిసారి డబ్బిచ్చింది 1833లో. మొత్తం 20 వేల పౌండ్లు. మిగతాది ఊరే పోగుచేసుకోవాలి. తర్వాతి శతాబ్దంలో పెద్ద తరగతుల పిల్లలు వేరే బడులకు వెళ్లిపోయారు, పల్లెల్లో పిల్లలూ తగ్గారు. ఒక్కో బడికీ తాళం పడింది.

కొన్నాక ఆ హాలును ఏం చేయాలన్నదే అసలు చిక్కు. అంత ఎత్తు గదిని చలికాలంలో వెచ్చబెట్టడం మాటలు కాదు. పడగ్గదుల కోసం మధ్యలో అంతస్తు వేస్తే, దాని అంచు కిటికీని అడ్డంగా కోసేస్తుంది. కింద సగం కిటికీ, పైన సగం కిటికీ. అలా చేసిన ఇళ్లు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. హాలులో ఒక కొసన మాత్రమే అటక వేసి, మిగతాది కప్పు దాకా వదిలేసినవాళ్లే తెలివైనవాళ్లు. రక్షిత కట్టడాల జాబితాలో ఉన్న బడిని అనుమతి లేకుండా మార్చడం అక్కడ నేరం కూడా.

ఇంతకంటే పెద్ద మెలిక దస్తావేజులో ఉంటుంది. 1841లో వచ్చిన బడి స్థలాల చట్టం కింద ఎందరో భూస్వాములు ఎకరం దాటకుండా స్థలం రాసిచ్చారు. బడి ఆగిపోతే ఆ నేల తిరిగి దాత ఆస్తిలోకే చేరాలన్నది షరతు. నూరేళ్లు గడిచాక దాత వారసులెవరో, ఎక్కడున్నారో ఎవరు చెప్పగలరు? బడి మూతపడిన క్షణం నుంచి దాని యజమాని ఎవరో తెలియని పరిస్థితి. 1987లో ఇంకో చట్టం తెచ్చి దీనికి దారి చూపారు. స్థలం ధర్మకర్తల చేతుల్లోనే ఉంటుంది, వాళ్లు అమ్మొచ్చు. వచ్చిన డబ్బు మాత్రం వారసులది. ప్రకటనలు ఇచ్చినా ఎవరూ రాకపోతే దాన్ని వేరే ధర్మకార్యానికి మళ్లించవచ్చు. ఊరి జనం చందాలేసుకుని కట్టిన బడి తాలూకు సొమ్ము, ఆ ఊరి మొహం చూడని ఏ మునిమనవడికో చేరే అవకాశమూ ఉందన్నమాట. పాత బడి కొనే ఇంట్లో లాయరు ముందుగా అడిగేది అందుకే ఆ దానపత్రం. వంటింటి నమూనా సంగతి ఆ తర్వాత.